బ్రిటన్ సముద్రతీరంలో వేసవి సెలవులు: కుటుంబానికి తగ్గ హాలిడే పార్కు ఎంచుకోవడం ఎలా?

హాలిడే పార్కు అంటే కదలకుండా నిలిపిన కారవాన్లను (చిన్న ఇళ్ళలాంటి బళ్ళు) సెలవులకు అద్దెకిచ్చే చోటు. వాటి వెబ్‌సైట్లలో ఎప్పుడూ ఎండే కాస్తుంటుంది. నిజానికి ఆగస్టులో వారం రోజులకు బుక్ చేసుకున్నా, ఒకటి రెండు రోజులైనా వానకో గాలికో పోతాయని ముందే లెక్కలో వేసుకోవాలి. అందుకే పార్కును వాన రోజును తలుచుకుని ఎంచుకోవాలి, బీచ్‌ను ఆటుపోట్ల పట్టిక చూసి ఎంచుకోవాలి. ఈ రెండూ కుదిరాక జిప్‌లైన్లు, బొమ్మ వేషాల షోలు ఉన్నా సరే, లేకపోయినా సరే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ముందు పూల్ ఫొటో నచ్చుతుంది, తర్వాత ధర నచ్చుతుంది, బీచ్ సంగతి అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది.

మొదటి మెట్టు: తేదీలు

ధర పార్కు కంటే తేదీ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇంగ్లండ్‌లో చాలా స్కూళ్ళు జులై మూడు, నాలుగు వారాల మధ్య మూసి సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. స్కాట్లండ్‌లో జూన్ చివర్లో మూసి ఆగస్టు మధ్యకల్లా తెరిచేస్తారు. ఈ తేడాను వాడుకోవాలి. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ళు ఆగస్టు ఆఖరి రెండు వారాల్లో స్కాట్లండ్ తీరానికి వెళితే అక్కడి పిల్లలు బడిలో ఉంటారు కాబట్టి పార్కులు కాస్త ఖాళీగా ఉంటాయి. స్కాట్లండ్ పడమటి తీరంలో ఎయిర్ (Ayr) అనే ఊరి దగ్గరి పార్కులు ఇందుకు బాగుంటాయి. లెస్టర్, లెస్టర్‌షైర్ స్కూళ్ళు మిగతా ఇంగ్లండ్ కంటే ముందే మూస్తారు. ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళకు జులై మధ్య వారం మంచి అవకాశం. అందరికంటే ముందు వెళ్ళి వచ్చేయొచ్చు.

స్కూలు మానిపించి జూన్‌లోనో సెప్టెంబరులోనో వెళదామనుకుంటే జరిమానా కూడా ఖర్చులో కలపండి. ఇంగ్లండ్‌లో 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, అనుమతి లేకుండా 10 సెషన్లు, అంటే 5 రోజులు మానితే జరిమానా పడవచ్చు. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, దాటితే 160. ఇది ఒక్కో పిల్లకు, ఒక్కో తల్లికో తండ్రికో విడివిడిగా పడుతుంది. ఇద్దరు పిల్లలున్న దంపతులకు తక్కువలో తక్కువ 320 పౌండ్లన్నమాట. మూడేళ్ళలో రెండోసారి అయితే నేరుగా 160. మూడోసారి కోర్టు దాకా వెళ్ళవచ్చు. అయితే ఐదేళ్ళు నిండిన తర్వాత వచ్చే డిసెంబరు 31, మార్చి 31, ఆగస్టు 31 తేదీల్లో ఏది ముందొస్తే అది దాటితేనే చట్టం ప్రకారం బడి తప్పనిసరి. రిసెప్షన్ అనే మొట్టమొదటి తరగతిలో ఉన్న చిన్నవాళ్ళలో చాలామందికి కొన్నాళ్ళపాటు ఈ బెడద ఉండదు. స్కూలుకు ఒక మాట చెప్పి వెళ్ళడం మాత్రం మర్యాద.

ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలే లేకపోతే సెప్టెంబరు మొదటి రెండు వారాలకు మించినది లేదు. సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. అప్పటికి నీళ్ళు జులైలో ఉన్నంత వెచ్చగానో, ఇంకాస్త వెచ్చగానో ఉంటాయి. పొద్దు మాత్రం త్వరగా వాలుతుంది.

రెండో మెట్టు: ఏ తీరం

పిల్లలు చిన్నవాళ్ళయితే మూడు గంటల డ్రైవ్‌ను హద్దుగా పెట్టుకోండి. అది కూడా మ్యాపు మామూలు మంగళవారం చూపించే మూడు గంటలు కాదు. చాలా పార్కుల్లో తాళాలిచ్చేది సాయంత్రం నాలుగింటికి, ఖాళీ చేయాల్సింది పొద్దున పదింటికి. అందరూ మారేది సోమ, శుక్ర, శనివారాల్లోనే. వేసవి శనివారం ఎం5 మోటార్‌వే మీద డెవన్, కార్న్‌వాల్ దారి పట్టినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రుల ట్రిప్పుకు లండన్ నుంచి కార్న్‌వాల్ వద్దు. సగం సెలవు కారులోనే గడిచిపోతుంది.

తూర్పు తీరంలో వాన తక్కువ. పడమట కార్న్‌వాల్, వేల్స్ వైపు అట్లాంటిక్ మబ్బులు ముందు తగులుతాయి కాబట్టి వాన ఎక్కువ. నీళ్ళ సంగతి దీనికి ఎదురు: ఆగస్టులో దక్షిణ, నైరుతి తీరాల్లో సుమారు 17, 18 డిగ్రీలుంటే, యార్క్‌షైర్, నార్తంబర్లాండ్ వైపు 14 దగ్గర ఉంటుంది. విశాఖ, చీరాల అలవాటున్న ఒంటికి రెండూ చలే. కానీ ఆ మూడు నాలుగు డిగ్రీల తేడాతో పిల్లలు నీళ్ళలో ఉండే సమయం మారిపోతుంది. ఎక్కడికి వెళ్ళినా వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే దుస్తులు) కొనడమో అద్దెకు తీసుకోవడమో చేయండి.

ఇక ప్రాంతాలు. లింకన్‌షైర్‌లో స్కెగ్‌నెస్, ఇంగోల్డ్‌మెల్స్, మేబుల్‌థోర్ప్ చదునైన నేల, పొడవాటి ఇసుక, కావలసినన్ని ఆర్కేడ్‌లు (చిల్లర వేసి ఆడే మెషిన్ల హాళ్ళు). బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ చుట్టుపక్కలవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే. బిల్లీ బట్లిన్ 1936లో తన మొదటి హాలిడే క్యాంపు తెరిచింది స్కెగ్‌నెస్‌లోనే. ఆయన పేరుతో ఉన్న బట్లిన్స్ ఇప్పుడు అక్కడా, మైన్‌హెడ్, బోగ్నర్ రీజిస్‌లలోనూ ఉంది. డోర్సెట్‌లో వేమత్, డెవన్‌లో పేంటన్ వైపు అలలు నెమ్మది, బుడిబుడి నడకల పిల్లలకు అనువు. ఉత్తర డెవన్‌లో వూలకూమ్, కార్న్‌వాల్‌లో న్యూకీ, పెరన్‌పోర్త్ అందంగా ఉంటాయి. అయితే అవి సర్ఫింగ్ బీచ్‌లు, ఈత బాగా వచ్చిన పెద్ద పిల్లలకే. వేల్స్‌లో టెన్‌బీ చుట్టుపక్కల మంచి ఇసుక ఉంది. ఐల్ ఆఫ్ వైట్ అనుకుంటే కారుతో ఫెర్రీ ఖర్చు ముందే కలుపుకోండి, వేసవిలో అది చిన్నదేం కాదు.

మూడో మెట్టు: బీచ్‌ను విడిగా పరీక్షించడం

ఇక్కడ తొందర పడకండి. పార్కు పేజీలో “బీచ్ దగ్గరే” అన్నదానికి నాలుగు అర్థాలు ఉండొచ్చు: గేటు దాటితే ఇసుక, కొండ అంచున పార్కు దాని కింద వంద మెట్లు, రోడ్డు వెంట ఇరవై నిమిషాల నడక, లేదా కారులో వెళ్ళాల్సిన బీచ్. రిసెప్షన్‌కు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: “పిల్లల బగ్గీ తోసుకుంటూ పార్కు గేటు నుంచి ఇసుక దాకా వెళ్ళగలమా, ఎంతసేపు పడుతుంది?” ఆ జవాబులోనే మెట్లూ వాలూ బయటపడతాయి. నార్ఫక్‌లో హెమ్స్‌బీ లాంటి చోట్ల తీరం కోసుకుపోతోంది. నిరుడున్న దారి ఈ ఏడాది మూసి ఉండవచ్చు. అక్కడ ఈ ఫోన్ తప్పనిసరి.

తర్వాత నేల ఎలాంటిదో చూడండి. బ్రైటన్‌లో గులకరాళ్ళు. డోర్సెట్‌లోని చెసిల్ బీచ్‌లోనూ రాళ్ళే. పైగా ఒడ్డు నిటారుగా దిగిపోయి నీళ్ళు లోపలికి లాగుతాయి, పిల్లలను దింపే చోటు కాదు. శాటిలైట్ మ్యాపులో ఇసుకా రాయా అన్నది చాలావరకు తెలుస్తుంది.

ఆ తర్వాత ఆటుపోట్లు. మన తీరంలో పోటుకూ ఆటుకూ తేడా ఒకటి రెండు మీటర్లే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ బ్రిస్టల్ చానల్‌లో ఆ తేడా ఒక్కోచోట 14 మీటర్ల దాకా ఉంటుంది. వెస్టన్ సూపర్ మేర్‌లో ఆటు సమయానికి వెళితే సముద్రం ఎక్కడో గీతలా కనిపిస్తుంది. దాని వైపు నడిస్తే ఇసుక అయిపోయి బురద మొదలవుతుంది, కాలు దిగబడితే పైకి రాదు. అలాంటి చోట నీళ్ళ కోసం ఎదురు నడవకూడదు, నీళ్ళే మన దగ్గరికి వచ్చే వేళకు వెళ్ళాలి. మోర్‌కంబ్ బేలో ఊబి ఇసుక ఉంది, పోటు వేగంగా చుట్టుముడుతుంది. దూరం నుంచి చూడ్డానికి బాగుంటుంది, అంతే.

పట్టిక చూడటం కష్టమేం కాదు. ఆ ఊరి పేరుతో టైడ్ టైమ్స్ వెతికితే రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు కనిపిస్తాయి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. సోమవారం మధ్యాహ్నం 12కు పోటు అయితే శుక్రవారానికి అది సుమారు మూడుంపావుకు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో తేడా ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే మీరు వెళ్ళే వారం ఎలా ఉండబోతోందో గోడ మీదే తెలిసిపోతుంది. పోటు వచ్చినప్పుడు ఇసుకంతా మునిగిపోయే బీచ్‌లూ ఉన్నాయి. అక్కడ పోటు మధ్యాహ్నం పడిందంటే సరిగ్గా పిల్లలు ఆడుకునే వేళకు చోటు ఉండదు.

లైఫ్‌గార్డులు లేని బీచ్‌ను పిల్లలున్న కుటుంబం ఎంచుకోకపోవడమే మంచిది. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ (సముద్రంలో ప్రాణాలు కాపాడే స్వచ్ఛంద సంస్థ) కాపలా ఉన్న బీచ్‌లలో వేసవిలో మామూలుగా పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటారు. ఎరుపు, పసుపు జెండాల మధ్య ఈత కొట్టొచ్చు. నలుపు తెలుపు గడుల జెండాల మధ్య సర్ఫ్ బోర్డుల వాళ్ళుంటారు, అక్కడ ఈత వద్దు. ఎర్ర జెండా ఉంటే నీళ్ళలోకి దిగనే కూడదు. నారింజ రంగు గాలి సంచి ఎగురుతుంటే గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తోందని, గాలి నింపిన పడవలు, ఫ్లెమింగోలు దింపొద్దని అర్థం. అంగట్లో ఐదు పౌండ్లకు దొరికే ఆ ఫ్లెమింగో నిమిషాల్లో పిల్లలతో సహా లోపలికి కొట్టుకుపోతుంది. ఒడ్డున నీళ్ళు ప్రశాంతంగా కనిపించేది కూడా అలాంటి గాలిలోనే. ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

చివరగా నీళ్ళ శుభ్రత. ఇంగ్లండ్‌లో మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఈత బీచ్‌ల నీటిని పరీక్షిస్తారు. ఎక్సలెంట్, గుడ్, సఫిషియెంట్, పూర్ అని నాలుగు తరగతులు. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వారి స్విమ్‌ఫో పేజీలో ఒక్కో బీచ్ ఫలితం ఉంటుంది. బ్లూ ఫ్లాగ్ రావాలంటే ఎక్సలెంట్ ఉండి తీరాలి. పెద్ద వాన కురిసిన మర్నాడు మాత్రం ఎంత మంచి బీచ్ అయినా మురుగు కలిసి ఉండవచ్చు, ఆ రోజు పూల్‌తో సరిపెట్టుకోండి.

నాలుగో మెట్టు: కారవాన్ లెక్క

“ఆరుగురికి” అని రాసిన కారవాన్‌లో మామూలుగా ఉండేవి రెండు గదులు: ఒకదాంట్లో డబుల్ మంచం, ఇంకోదాంట్లో రెండు సన్నటి మంచాలు. మిగతా ఇద్దరూ హాల్లో లాగే సోఫా మీద పడుకోవాలి. ఆ ఇద్దరూ లేచేదాకా టీ పెట్టుకునే వీలుండదు. నలుగురుంటే ఆరుగురిది, ఆరుగురుంటే మూడు గదుల ఎనిమిది మందిది తీసుకోండి. రెండో గదిలోని మంచాలు రెండడుగుల వెడల్పు దగ్గర ఉంటాయి, మధ్యలో ఒకరు నిలబడేంత సందు. పదేళ్ళ పిల్లకు చాలు, మామయ్యగారికి చాలదు. రెండంతస్తుల మంచం ఉంటే పైదాంట్లో ఆరేళ్ళలోపు పిల్లలను పడుకోబెట్టకూడదు. పసిబిడ్డ ఉయ్యాల మంచం పెట్టే చోటు దాదాపుగా హాల్లోనే. బుక్ చేసే ముందు ఆ మోడల్ ఫ్లోర్ ప్లాన్ అడిగి చూడండి.

బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినమ్ అని పార్కులు పెట్టే పేర్లకు ఉమ్మడి ప్రమాణం ఏమీ లేదు. ఒక కంపెనీ సిల్వర్ ఇంకో కంపెనీ గోల్డ్‌కు సమానం కావచ్చు. పేరు వదిలేసి ఈ మూడే అడగండి: సెంట్రల్ హీటింగ్ ఉందా, కిటికీలు డబుల్ గ్లేజింగేనా, కారవాన్ ఏ సంవత్సరంది? పాతవాటిలో హాల్లో ఒక గ్యాస్ ఫైర్ తప్ప పడకగదుల్లో వేడి ఉండదు. జులైలో కూడా తీరంలో రాత్రి 12 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, పలచటి గోడలు ఆ చలిని ఆపవు. తెల్లారేసరికి కిటికీలకు నీళ్ళు పట్టి దుప్పట్లు చెమ్మగిల్లడానికి కారణం అదే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇక్కడ పొదుపు చేయకండి. వాళ్ళ కోసం ఇంకో సంగతి: మామూలు కారవాన్‌కు బయట మూడు నాలుగు మెట్లుంటాయి, షవర్ ఎత్తైన తొట్టిలో, ఇరుకు గదిలో ఉంటుంది. బకెట్, మగ్గు పెట్టుకుని స్నానం చేసే చోటు ఉండదు. ర్యాంపు ఉన్నవి కొన్నే, ముందే అయిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు లాడ్జ్ (పార్కులోనే ఉండే, కారవాన్ కంటే పెద్ద ఇల్లు) మేలు. రెండు ముక్కలు కలిపి కట్టినది కాబట్టి వెడల్పు దాదాపు రెట్టింపు.

వంట మనకు పెద్ద విషయమే. నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యి, చిన్న ఓవెన్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. పొయ్యికీ పొగ అలారానికీ మధ్య దూరం అడుగుల్లోనే. ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే అది మోగక మానదు. కిటికీ, తలుపు తెరిచి, ఫ్యాన్ వేసి, నూనె పొగ రాకముందే పోపు వేయండి. అలారానికి గుడ్డ కట్టొద్దు, బ్యాటరీ తీయొద్దు. అంత చిన్న పెట్టెలో మంటకు నిమిషాలు చాలు. అక్కడి గిన్నెలు పలచగా ఉండి అన్నం అడుగంటుతుంది. చిన్న కుక్కర్, ఒక మూకుడు, పోపు డబ్బా తీసుకెళ్ళండి. పాత కారవాన్లలో కెటిల్, మైక్రోవేవ్, రూమ్ హీటర్ ఒకేసారి వేస్తే కరెంటు ట్రిప్ అవుతుంది. పార్కు రెస్టారెంటులో చిప్స్, పిజ్జా, బర్గర్‌లే ఎక్కువ. శాకాహారులు రెండో రోజుకే విసిగిపోతారు. చాలా పార్కులకు సూపర్‌మార్కెట్ డెలివరీ వస్తుంది, ఆగస్టులో స్లాట్‌లు త్వరగా నిండుతాయి కాబట్టి రెండు మూడు వారాల ముందే పట్టుకోవాలి.

ఐదో మెట్టు: పార్కు మ్యాపు, వాన రోజు

పార్కు మ్యాపు దించుకుని చూడండి. క్లబ్‌హౌస్ పక్కన అయితే రాత్రి పదకొండు దాకా పాటలు. పెద్ద పార్కులో చివరి వరసలో అయితే పూల్‌కు పావుగంట నడక, తడి జుట్టుతో చలిలో తిరిగి రావాలి. డెవన్, కార్న్‌వాల్ పార్కులు చాలావరకు కొండవాలు మీద ఉంటాయి. లింకన్‌షైర్, ఎసెక్స్ పార్కులు చదును. “క్లబ్‌హౌస్‌కు దగ్గరగా కావాలి” అని రాసి పంపితే అది కోరిక మాత్రమే, హామీ కాదు. స్థలం ఖాయంగా కావాలంటే ప్లాటు ఎంచుకునేందుకు అదనంగా కట్టాలి. పెద్దవాళ్ళో పసిబిడ్డో ఉంటే ఆ డబ్బు దండగ కాదు.

ఇప్పుడు వాన రోజు. పార్కులో ఉన్న కుటుంబాలన్నీ ఒకేసారి ఇండోర్ పూల్ మీద పడతాయి. అందుకని అడగాల్సినవి: పూల్‌కు సెషన్ బుక్ చేయాలా, ఎన్ని రోజుల ముందు తెరుస్తారు, ఒక్కో కుటుంబానికి ఎన్ని సెషన్లు? బుకింగ్ తెరిచిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకుని పట్టుకోండి, చేరాక చూద్దామంటే రాత్రి ఏడింటి సెషనే మిగులుతుంది. ఇంకో చిక్కు, ఒక పెద్దమనిషి ఎంతమంది పిల్లలను నీళ్ళలోకి తీసుకెళ్ళవచ్చన్న నియమం. సాధారణంగా ఎనిమిదేళ్ళలోపు పిల్లల వెంట పెద్దవాళ్ళు నీళ్ళలోనే ఉండాలి. నాలుగేళ్ళలోపు పిల్లలైతే లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. సంఖ్య పార్కును బట్టి మారుతుంది. ముగ్గురు చిన్నపిల్లలతో ఒక్క తల్లే వెళితే గేటు దగ్గరే ఆపేయవచ్చు. పూల్ కాకుండా ఇండోర్‌లో ఇంకేముంది, వానలో అరగంట దూరంలో అక్వేరియమో మ్యూజియమో ఉందా అన్నది రాసి పెట్టుకోండి. ఇవేవీ లేని పార్కు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

ఆరో మెట్టు: డబ్బు, బుకింగ్

మూడు పార్కులను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ముందు కనిపించే ధరతో ఆగకండి. 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి రుసుములన్నీ మొదటి ధరలోనే చూపాలని బ్రిటన్ చట్టం. ఐచ్ఛికం అన్నవి మాత్రం బయటే ఉంటాయి, అసలు కథ అక్కడే. పూల్, షోల పాసులు ధరలో ఉన్నాయా, పసిపిల్లలకూ పాసు కొనాలా, దుప్పట్లు ఇస్తారా (తువ్వాళ్ళు చాలాచోట్ల ఇవ్వరు), ప్లాటు ఎంపిక, రెండో కారు, పెట్రోలు, పిల్లలు ఆర్కేడ్‌లో పోసే చిల్లర, అన్నీ కలిపి మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగించండి. సోమవారం నుంచి శుక్రవారం నాలుగు రాత్రులు, వారాంతపు మూడు రాత్రుల కంటే రాత్రికి తక్కువ పడటం మామూలే. ఎలక్ట్రిక్ కారైతే కారవాన్ ప్లగ్‌కు తగిలించనివ్వరు, చార్జర్లు ఎన్నున్నాయో అడగండి.

కారవాన్ సొంతదారులు నేరుగా అద్దెకిచ్చేవి చవక, చాలాసార్లు శుభ్రంగానూ ఉంటాయి. కానీ పార్కు పాసులు సాధారణంగా వాటితో రావు. కొన్నిచోట్ల గ్యాస్, కరెంటు మీటరు వేరు. డబ్బు పంపే ముందు ఏడాదిలోపు తేదీతో గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ అడగండి. పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ ప్లాటు నిజంగా ఉందా, అద్దెకివ్వడానికి అనుమతి ఉందా కనుక్కోండి. లేని కారవాన్ ఫొటోలు పెట్టి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయించుకునే మోసాలు వేసవిలోనే ఎక్కువ. కంపెనీకి క్రెడిట్ కార్డుతో కడితే 100 పౌండ్లు దాటి 30,000 దాకా ఉన్న కొనుగోళ్ళకు సెక్షన్ 75 రక్షణ ఉంటుంది, అంటే తేడా వస్తే కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. సొంతదారుకు బ్యాంకులో వేసిన డబ్బుకు అది వర్తించదు.

ఆన్‌లైన్‌లో కొన్నదానికి 14 రోజుల్లో రద్దు హక్కు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫలానా తేదీలకు బుక్ చేసిన బసకు ఆ హక్కు లేదు. కంపెనీ పెట్టిన రద్దు షరతులే చెల్లుతాయి, డిపాజిట్ తిరిగి రాకపోవచ్చు. మూడు గదులవి, ర్యాంపు ఉన్నవి కావాలంటే శీతాకాలంలోనే తీసుకోండి. ఏ పార్కైనా, ఏ వారమైనా సరే అనుకునేవాళ్ళే చివరి నిమిషం తగ్గింపుల కోసం ఆగాలి.

రివ్యూలు చదివేటప్పుడు నిరుటి జులై, ఆగస్టు నెలలవే చదవండి. ఒకరు సిబ్బందిని తిట్టారంటే వదిలేయొచ్చు. ఐదుగురు వేర్వేరు వారాల్లో బూజు వాసన, మరకల పరుపు అని రాశారంటే నమ్మాలి. ప్లాటినమ్‌లో ఉన్నవాళ్ళ పొగడ్తలు బ్రాంజ్ తీసుకునేవాళ్ళకు పనికిరావు.

చేరిన సాయంత్రం

సామాను దించకముందే గదులన్నీ తిరిగి, పరుపులు ఎత్తి చూసి, ఫొటోలు తీయండి. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండింటి బటన్లు నొక్కి చూడండి. పొయ్యి, వేడి నీళ్ళు, హీటింగ్ పది నిమిషాలు నడిపించండి. వేడి నీళ్ళు హఠాత్తుగా ఆగితే చాలాసార్లు గ్యాస్ సిలిండర్ అయిపోయి ఉంటుంది, మీరు మార్చకండి, రిసెప్షన్‌కు చెప్పండి. వీధి పేరు, ప్లాటు నంబరు పిల్లల ఫోన్లలో కూడా వేసి ఉంచండి, అన్ని వరసలూ ఒకేలా ఉంటాయి. లోపం ఏదైనా కనిపిస్తే అదే సాయంత్రం చెప్పి, ఎవరికి చెప్పారో పేరు రాసుకోండి. మార్చడానికి ఖాళీ కారవాన్ ఉంటే మొదట అడిగినవాళ్ళకే దొరుకుతుంది. ఇంటికి వచ్చాక రాసిన ఫిర్యాదుకు “అప్పుడే చెప్పి ఉంటే సరిచేసేవాళ్ళం” అనే జవాబే వస్తుంది.